ఆటగాండ్రలో హెచ్చుతగ్గులు

నేడు నేను మనవి చేయబూనిన విషయము మొదట వినువారికి స్వల్పముగ తోచవచ్చును. వయసు వచ్చినవారు ఆడుకొను ఒకానొక ఆటలో కొందఱు మఱికొందఱిని చూచి నవ్వుటను గూర్చిన చరిత్ర యిది. నవ్వువారును నవ్వబడువారును ఒకే యింట పుట్టినవారు. అట్లుండగా ఒకరి పేరు చెప్పిన మఱొకరు మొగము త్రిప్పుకొను స్థితి యెట్లు వచ్చెనో పరిశీలించుట నా యుద్దేశము.

ముందుగ ఆటల స్వరూపము చెప్పవలెను. అమెరికాలో 1974వ సంవత్సరమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించిరి. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టును కూర్చుందురు. ఒకడు తాను వీరుడనని, ఒకడు మాంత్రికుడనని చెప్పుకొనును. కథ నడపువాడొకడు సూత్రధారునివలె నుండును. కత్తి దూసితినని నోటితో చెప్పుటయే గాని దూయుట లేదు. వ్రేటు తగిలినదో లేదో పాచికలు తేల్చును. దీనిని బల్లయాట యందము. రెండవది, ఆ వీరుని ఉడుపులు తానే ధరించి, అడవిలోనో కోటలోనో నిలిచి, వీరుని మాటలు తానే పలికి, రబ్బరు నురుగు చుట్టిన మెత్తని కత్తితో తానే పోరాడుట. ఆ దేశములలో దీనికి లార్పు అని పేరు. మనము వేషపుటాట యందము. మన పగటివేషములు జ్ఞప్తికి వచ్చువారు ఒక భేదము గమనింపవలెను. పగటివేషగాడు చూపరుల కొఱకు ఆడును. వీరికి చూపరులే లేరు, అక్కడ నున్నవారందఱును పాత్రలే.

ఈ వేషపుటాటగాండ్రను గూర్చి బల్లయాటగాండ్రలో చిరకాలముగ నొక యపవాదు వాడుకలో నున్నది. వారు అట్టచెవులు తగిలించుకొని, దుప్పటి కప్పుకొని, తోటలలో గంతులు వేయుదురట. నిజమునకును మాయకును భేద మెఱుగరట. ఈ మాట లోకులనిన వింత లేదు. తాము మాంత్రికులమని రాత్రి తెల్లవార్లు చెప్పుకొనువా రనుటయే వింత.

మూలము చూచినచో బల్లయాట పూర్తిగ బల్లమీద పుట్టినది కాదు. 1969లో మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ అను జంటనగరములలో డేవిడ్ వెస్లీ అను యువకుడు, బొమ్మసైనికులతో యుద్ధక్రీడ లాడు తన మిత్రుల కొఱకు ఒక క్రొత్త పద్ధతి కల్పించెను. బ్రౌన్‌స్టైన్ అను కల్పిత జర్మను పట్టణములో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర యిచ్చెను. ఆటగాండ్రు బొమ్మలను మఱచి, ప్రక్కగదిలోనికి పోయి, తమ పాత్రల పక్షమున రహస్యమంతనములు సాగించిరి. ఇరువురు తమలో తాము ద్వంద్వయుద్ధమునకు సవాలు చేసికొనిరి. వెస్లీ తన ఆట చెడినదని చింతించెను. మిత్రులు మాత్రము మఱల నెప్పుడని యడిగిరి. ఆ మిత్రులలో ఒకడు ఆర్నెసన్. అనగా బల్లయాటకు పితామహుడైన ఆట, ఆటగాడు కుర్చీ వదలి లేచినప్పుడే ప్రాణము పోసికొన్నది!

వేషధారణ మార్గము వేఱుగ గూడ సాగుచుండెను. 1966 మే 1వ తేదీన కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఒక యింటి పెరటిలో మధ్యయుగపు వేషములతో జరిగిన వేడుకనుండి ఒక పెద్ద సంఘమే పుట్టెను. 1977లో వాషింగ్టను ప్రాంతమున డాగోర్‌హిర్ అను మెత్తని కత్తుల ఆట మొదలయ్యెను. 1982లో ఇంగ్లండున చెషైరులోని పెక్‌ఫర్టన్ కోటలో 'ట్రెజర్ ట్రాప్' అను ఆట వెలసెను. ఇవి యన్నియు నిరపాయముగ సాగుచుండగా నడుమ నొక దుర్ఘటన వచ్చిపడెను.

1979 ఆగష్టులో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున చదువుచున్న పదునాఱేండ్ల విద్యార్థి యొకడు కనబడకపోయెను. అతడు అసాధారణమైన తెలివిగలవాడు. బల్లయాట గూడ ఎఱిగినవాడు. ఆ విశ్వవిద్యాలయము క్రింద ఆవిరిగొట్టములు పోవు సొరంగములు కలవు. పిల్లవాడు ఆ సొరంగములలో ఆటను నిజముగ ఆడబోయి దారి తప్పియుండునని, వెదకవచ్చిన అపరాధపరిశోధకుడు ఒక ఊహ చేసెను. పత్రిక లా యూహను యథార్థమువలె దేశమంతట చాటినవి. యథార్థము వేఱు. ఆ బాలుడు సొరంగములోనికి పోయినమాట నిజమే గాని ఆడుటకు పోలేదు. మనోవ్యథ భరింపలేక ప్రాణము తీసికొనబోయెను. నెల దినముల పిదప దొరకెను గాని మఱుసటి యేడు మరణించెను. ఆట దీనికి కారణము కాదని ఆ పరిశోధకుడే 1984లో తన గ్రంథమున వ్రాసెను. అప్పటికి ఐదేండ్లు గడచినవి.

ఆ ఐదేండ్లలోనే కథ స్థిరపడిపోయెను. 1981లో రోనా జాఫీ అను రచయిత్రి 'మేజెస్ అండ్ మాన్‌స్టర్స్' అను నవల ప్రకటించెను. మఱుసటి యేడు అది టెలివిజన్ చిత్రమయ్యెను; అప్పటికి పేరు రాని టాం హాంక్స్ అందు ముఖ్యపాత్రధారి. ఇందొక సంగతి మీరు గమనింపవలెనని నా కోరిక. కథలోని విద్యార్థులు బల్ల చుట్టు కూర్చున్నంతకాలము బాగుగనే యుందురు. గుహలలోనికి పోయి వేషములతో ఆడ మొదలిడిన పిదపనే కథానాయకునికి మతి చలించును. పిచ్చికిని వివేకమునకును గీత యెక్కడ గీయబడినదో చూచితిరా? కుర్చీనుండి లేచిన చోట.

తలిదండ్రులును మతబోధకులును తమ ఆటపై విరుచుకొనిపడుచున్న ఆ కాలమున బల్లయాటగాండ్రకు ఈ గీత గొప్ప ఆశ్రయమైనదని నా యభిప్రాయము. మేము కూర్చుండి లెక్కలు వేసికొనువారము, చదరంగమునకు చుట్టములము, నిజముగ వేషము కట్టువారు వేఱు—అని చెప్పుకొను వీలు చిక్కినది. నింద పోలేదు, ప్రక్కింటికి పంపబడినది. భయపడినవా డిట్లు చేయుట అర్థము కానిది కాదు. అయినను అబద్ధము అబద్ధమే. 1983లో గేరీ అలన్ ఫైన్ అను సమాజశాస్త్రజ్ఞుడు బల్లయాటగాండ్రతో కలసిమెలసి యుండి వ్రాసిన గ్రంథమున, వ్యక్తి, ఆటగాడు, పాత్ర అను మూడంతరువుల నడుమ వారెంత సుళువుగ రాకపోకలు సాగింతురో చూపెను. వేషము కట్టినవాని కా నేర్పు ఉండదనుటకు ఆధారమేమి? వానబడగానే రాక్షసుడు గొడుగు వెదకుకొనును.

ఎగతాళికి గుఱియగు ఒక పద్ధతిని తీసికొందము. అమెరికాలోని కొన్ని ఆటలలో మాంత్రికుడు పిడుగు ప్రయోగింపవలెనన్న, పక్షులకు వేయు గింజలు నింపిన చిన్న గుడ్డమూటను ప్రత్యర్థిపై విసరుచు ఆ ప్రయోగము పేరు బిగ్గఱగ పలుకవలెను. చూచినవారికి నవ్వు వచ్చును. కాని మూట తగిలినదా లేదా అనుటయే ఇక్కడి పాచిక. కేక యెందుకనగా, తనకు తగిలినదేమో ప్రత్యర్థికి తెలియవలెను గదా! బల్లమీద పాచిక వేసి అంకె చెప్పుటకును దీనికిని భేదము లేదు. ఉన్న భేద మొక్కటే: ఒకడు కూర్చున్నాడు, ఒకడు నిలుచున్నాడు.

1991లో 'వాంపైర్: ది మాస్కరేడ్' అను ఆట వచ్చి, 1993లో దానికి వేషపుటాట రూపము వెలువడెను. నిబంధనలు చూడుడు: ఒకరినొకరు తాకరాదు, ఆయుధము తేరాదు, మద్యము పుచ్చుకొనరాదు. పాచికలకు మాఱుగ పిడికిలి, అఱచేయి, రెండు వ్రేళ్లు. వెఱ్ఱివాండ్రని పేరుపడినవారు తమకై తాము వ్రాసికొన్న కట్టుబాట్లివి.

ఉత్తర ఐరోపాలో ఈ ఆట గతి మఱియొక విధమయ్యెను. 1997లో ఆస్లో నగరమున దీనిని గూర్చి యొక సభ కూడెను. నాటినుండి నార్వే, స్వీడన్, డెన్మార్కు, ఫిన్లండు దేశములలో వంతులవారిగ జరుగుచు, గ్రంథములను గూడ ప్రకటించినది. డెన్మార్కులో హోబ్రో అను ఊర 2006లో స్థాపితమైన ఓస్టర్‌స్కోవ్ పాఠశాలలో చరిత్ర మొదలగు పాఠములనే పాత్రలు ధరించి నేర్చుకొందురు. ఆ దేశములలో వేషపుటాటను కళయని వాదించు పండితులు కలరు. వారిలో గూడ కొందఱు, నురుగుకత్తులతో అడవిలో పరుగులెత్తువారిని గూర్చి మాటలాడునప్పుడు, కొంచెము పెదవి విఱచుట కలదు.