సామ్రీ ముఖం



మొన్న నేనూ మా భాంజా ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాం, దిల్‌సుఖ్‌నగర్ వెళ్దామని. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ ఇంకా రాకముందే వాడు ఫోన్ నా ముందు పెట్టి, "మామూ, ఈ భూతాన్ని చూడండి, ఎంత కామెడీగా ఉందో" అని నవ్వడం మొదలుపెట్టాడు. చూస్తే 'పురానా మందిర్'లో సామ్రీ. నాకు నవ్వు రాలేదు. ఈ వయసులో కూడా ఖౌఫేనా అన్నట్టు చూశాడు. ఖౌఫ్ కాదు. ఆ ముఖానికీ మా గల్లీకీ ఒక హిసాబ్ మిగిలి ఉంది. అది చెప్పాలంటే ముందు ఆ సినిమా తారీఖ్ కొంచెం చెప్పాలి.

రామ్‌సే సోదరుల అసలు ఇంటిపేరు రామ్‌సింఘానీ. సింధీ ఖాందాన్. వాళ్ల వాలిద్‌కు దేశం ముక్కలు కాకముందు కరాచీలో రేడియోల దుకాణం ఉండేది. దుకాణానికొచ్చే ఇంగ్లీషు దొరలకు ఆ పేరు నోరు తిరక్క రామ్‌సే అయింది. 1947 తర్వాత బొంబాయి చేరారు, సినిమాలు తీశారు, నష్టపోయారు. 1970లో వచ్చిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' కూడా ఆడలేదు. అయితే అందులో పృథ్వీరాజ్ కపూర్ వికారమైన ముసుగేసుకుని దొంగతనానికొచ్చే సీను ఒకటుంది. జనం దానికి మాత్రం అదిరిపోతున్నారని కొడుకులు హాల్లో కూర్చుని కనిపెట్టారు. అలా 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. ఆ 'దో గజ్ జమీన్' అన్న మాట చెవిన పడగానే ఉర్దూ తెలిసినవాళ్లకు బహదూర్ షా జఫర్ గజల్ గుర్తొస్తుంది. 1862లో రంగూన్‌లో ఖైదీగా కన్నుమూసిన పాదుషా పేరుమీదున్న గజల్ మాట తీసుకెళ్లి దయ్యం సినిమాకు పెట్టుకోవడం! మా అబ్బాకు ఆ కోపం చివరిదాకా పోలేదు.

ఏడుగురు అన్నదమ్ములు. ఒకరు కథ రాస్తే ఇద్దరు డైరెక్షన్, ఒకరు కెమెరా, ఒకరు సౌండు, ఒకరు ఎడిటింగ్. యూనిట్‌కు వంట ఇంటి ఆడవాళ్లదే. డబ్బు లేనివాడు ఇంకేం చేస్తాడు? మన దగ్గర విఠలాచార్యగారిదీ దాదాపు ఇదే లెక్క కదా, చేతిలో ఉన్నదానితోనే తమాషా.

1984లో శ్యామ్, తులసి రామ్‌సేల 'పురానా మందిర్' వచ్చి పెద్ద హిట్టయింది. కథ మామూలే. ఒక రాజు సామ్రీ అనే దుర్మార్గుడి తల నరికించి పెట్టెలో బంధిస్తాడు. మొండెం గుడి వెనక పాతిపెడతారు. వాడి శాపంతో రాజు వంశంలో ఆడవాళ్లు కాన్పులో చచ్చిపోతుంటారు. సామ్రీగా వేసింది అజయ్ అగర్వాల్ అనే ఆయన. రూర్కీలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవాటి ముఖం, లోపలికి పోయిన కళ్లు. భూతాన్ని తయారు చేసుకునేంత పైసా రామ్‌సేల దగ్గర లేదు. ఒక మనిషి ముఖాన్నే తెచ్చుకున్నారు.

మా మొహల్లాకు ఆ ముఖం 1987 వేసవిలో వచ్చింది, బాసీ ఈద్ రాత్రి. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికి వీడియో దుకాణాలు గల్లీకొకటి. కలర్ టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి కిరాయి. సినిమా పెద్దలకు మాత్రమే అని క్యాసెట్‌కు తెలియదు, పిల్లలమే ముందు వరుస. ఎల్బీనగర్ ఖాలా కుటుంబం మొత్తం వచ్చింది. అప్పట్లో అక్కడ ఇళ్లకంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ, రాత్రి వెనక్కి వెళ్లే సవాలే లేదు.

ఆ రాత్రి ఇంట్లో ఎన్ని నోళ్లో అన్ని రాయ్‌లు. దాదీ ఆయతుల్ కుర్సీ చదువుతూనే ఉంది, లేచి మాత్రం వెళ్లలేదు. "జిన్నాత్ ఇలా ఉండవు బేటా, వీళ్లకేం తెలుసు" అంది. జగ్‌దీప్ గబ్బర్‌ను వెక్కిరించే సీన్లకు ఖాలూ పొట్ట పట్టుకుని నవ్వి, దయ్యం వచ్చినప్పుడల్లా చాయ్ నెపంతో బయటికెళ్లాడు. పక్కింటి పిన్నిగారిది పక్కా తెలుగు ఫైస్లా: "మా 'జగన్మోహిని'లో దయ్యం నయం. కాళ్లు పొయ్యిలో పెట్టి వంటైనా చేసింది."

మర్నాటి నుంచి మా పిల్లలకు ఆట దొరికింది. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ చేసే లంబే చాచా మా గల్లీ గుండానే ఫజర్‌కు వెళ్లేవాడు. చాలా పొడుగు, దవడలు ముందుకొచ్చిన ముఖం. సాయంత్రం వస్తూ దెబ్బ తగిలిన బత్తాయిలు జేబుల్లోంచి తీసి మాకు పంచేవాడు. "సామ్రీ ఆయా, భాగో!" అని మొదట అరిచింది ఎవరో కాదు, నేనే. వారం తిరిగేసరికి గల్లీ గల్లీ అదే పేరు. సినిమా చూడని చిన్న పిల్లలు కూడా ఆయన్ని చూసి ఏడ్చేవాళ్లు. బత్తాయి చేతికిస్తే పారేసి పరుగెత్తేవాళ్లు. ఆయన ఏమీ అనలేదు. మసీదుకు దారి మార్చుకుని వెనక గల్లీలోంచి చుట్టు తిరిగి వెళ్లడం మొదలుపెట్టాడు.

అబ్బాకు ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ, నాకు చెంప పగిలింది. తర్వాత ఒక శనివారం మళ్లీ వీసీపీ తెచ్చి, అదే క్యాసెట్ పెట్టించి, స్వయంగా వెళ్లి చాచాను పిలుచుకొచ్చాడు. దాచి ఏం లాభం, తననేమంటున్నారో ఆయనే చూడాలి అన్నది అబ్బా లెక్క. సరైందో కాదో ఇప్పటికీ చెప్పలేను.

చాచా గోడకానుకుని కూర్చుని చివరిదాకా చూశాడు. భయపడలేదు, నవ్వలేదు. అయిపోయాక చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, "అరే, ఉస్‌కా సర్ ఉస్‌కో దేదేతే తో ఖతం హో జాతా నై?" అన్నాడు. వాడి తల వాడికి ఇచ్చేస్తే సరిపోయేదిగా అని. అందరూ నవ్వారు. కాసేపాగి, "ఆ మనిషికి పిల్లలున్నారా?" అని అబ్బాను అడిగాడు. భూతం గురించి కాదు, వేషం వేసినాయన గురించి. అబ్బా దగ్గర జవాబు లేదు.

'పురానా మందిర్' గురించి తర్వాత నేను చాలా చదివాను. ఒకప్పుడు చౌకబారు అన్నవాళ్లే ఇప్పుడు కల్ట్ అంటున్నారు. 1993లో 'జీ హారర్ షో' కేబుల్‌లో వచ్చినప్పుడు ఆ పొగ, ఆ తలుపుల చప్పుడు మళ్లీ ఇంటింటికీ చేరాయి. తులసి 2018లో, శ్యామ్ 2019లో పోయారు. సామ్రీ వేసినాయన 'బాండిట్ క్వీన్'లో బాబూ గుజ్జర్‌గా కనిపించాడు, అక్కడా దుర్మార్గుడే. సినిమా మీద చదివిన ఏ రాతలోనూ చాచా అడిగిన సవాలు నాకు కనబడలేదు.

రైలు చైతన్యపురి దాటింది. పండ్ల మార్కెట్ ఇప్పుడు కొత్తపేటలో లేదు, బాటసింగారం పోయింది. ఇదంతా విన్న భాంజా ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆ చాచా పేరేంటి మామూ?" అన్నాడు.

నోరు తెరిచాను. పేరు రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మెట్లమీద నుంచే అమ్మీకి ఫోన్ చేశాను. ఆమె కూడా చాలాసేపు ఆలోచించింది.

"కౌన్, వో లంబే చాచా?"