రంగం వెళ్ళిన అన్నదమ్ములు

1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా పచ్చబడింది. తుని వైపు మెట్టకు మాత్రం ఆ నీళ్ళు అందలేదు. వాన మీద బతికే ఎకరా, అరెకరా చెక్కల్ని నలుగురు కొడుకులు పంచుకుంటే ఒక్కడి కడుపూ నిండదు. 1890ల్లో రైలు వచ్చాక దారి దొరికింది. దక్షిణాన కాకినాడ, ఉత్తరాన విశాఖపట్నం. ఏ రేవులో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ ఎక్కినా బంగాళాఖాతం దాటి బర్మాలోని రంగూన్లో దించేది. మనవాళ్ళ నోట అది రంగం.

ఒంటరిగా వెళ్ళినవాళ్ళు తక్కువ. అన్న ముందు వెళ్ళి, మరుసటి ఏడు కోతలయ్యాక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోవడం ఈ తీరమంతటా ఉన్న రివాజు. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు పనికి పోతాడు, ఒకడి కూలి తిండికి సరిపోతే రెండోవాడిది మనియార్డరుగా ఇంటికొస్తుంది. తల్లికి ఉన్న ధీమా కూడా అదే: ఇద్దరున్నారు కదా, ఒకరికొకరు తోడు. ఓడ ఖర్చు కూలీల్ని కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సుగా ఇచ్చేవాడు. రేవులో దిగిన నాటి నుంచి ఆ బాకీ కూలిలో కోతపడేది. అన్న బాకీ తీరకుండానే తమ్ముడి బాకీ మొదలయ్యేది.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం దాదాపు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తంలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. ఓడల్లో బియ్యం బస్తాలు మోసింది, మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది, ఊరి పాకీపని చేసింది వీళ్ళే. పదిమంది పట్టే గదిలో అంతకు ఎన్నో రెట్లు మంది వంతులవారీగా పడుకునేవారు. ఆ నగరం సంపదకు వీళ్ళ భుజాలే ఆధారమంటే అది అతిశయోక్తి కాదు.

పతనం ఒక్కసారిగా రాలేదు. 1930 మే 5న పెగూ భూకంపం రంగూన్‌నూ కుదిపేసింది. అదే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె రాజీ అయ్యి మనవాళ్ళు తిరిగి వచ్చిన రోజున, మే 26న, బర్మీయుల్ని పనిలోంచి తీసేశారు. ఆకలితో ఉన్న రెండు వర్గాల కూలీల్ని ఒకరి మీదకొకరిని తోసింది యజమానులే. కత్తులు లేచాయి. వందకు పైగా ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది తెలుగువాళ్ళు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1938లో మళ్ళీ అల్లర్లు. అప్పటికే తిరిగి రావాల్సింది. కానీ బాకీ ఉంది, ఇంటి దగ్గర అదే మెట్ట.

1941 డిసెంబరు 23న రంగూన్ మీదికి జపాను యుద్ధ విమానాలు వచ్చినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి తలెత్తి చూశారు. అంతకుముందు వాళ్ళు బాంబు ఎరగరు. చనిపోయినవాళ్ళలో రేవు కూలీలు లెక్కకు మిక్కిలి. మిగిలినవాళ్ళు ఉత్తరంగా ప్రోమ్ దారి పట్టారు. రేవు నడవాలంటే కూలీలు కావాలి కాబట్టి చాలామందిని నచ్చజెప్పి వెనక్కి తిప్పింది ప్రభుత్వం. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఓడ దొరకని కూలికి ఇక మిగిలింది కాలినడకే. కొందరు తౌంగప్ కనుమ మీదుగా అక్యాబ్‌కు, కొందరు కలేవా, తము దాటి ఇంఫాల్‌కు, ఆలస్యమైనవాళ్ళు హుకాంగ్ లోయ గుండా అస్సాంకు. తెల్లవాళ్ళకు వేరే దారి, వేరే మజిలీలు. నల్లవాళ్ళకు నీళ్ళులేని కొండ బాట. కలరా, మలేరియా. మేలో వాన పట్టుకుంది.

అన్నదమ్ముల తోడు అక్కడ తెగింది. పడిపోయినవాడి పక్కన కూర్చుంటే ఇద్దరూ పోతారు, లేచి నడిస్తే ఒకడైనా ఇల్లు చేరతాడు. అలాంటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిన తమ్ముణ్ణి ఎవరూ తప్పుపట్టకూడదు.

ఇక్కడ ఇల్లు కూడా క్షేమంగా లేదు. అదే ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బర్మా టపా ఆగిపోయింది, మనియార్డరు ఆగిపోయింది. దీమాపూర్లో రైలెక్కి కలకత్తా చేరినవాడికి హౌరా–మద్రాసు లైను మీద తుని స్టేషనుంది. ఇద్దర్ని పంపిన తల్లికి ఒక్కడు దిగితే ఏమని అడగాలి?

సుమారు నాలుగైదు లక్షలమంది భారతదేశం చేరారు. దారిలో చనిపోయినవాళ్ళు పదివేలని కొందరు, యాభైవేలు దాటారని కొందరు రాశారు. కచ్చితమైన లెక్క లేదు. పేర్లు అసలే లేవు. యుద్ధం ముగిశాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో నే విన్ సైనిక పాలన, 1964లో దుకాణాల జాతీయీకరణ వాళ్ళనూ వెళ్ళగొట్టాయి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలసిందే.

1942లో ఆ దారి పొడవునా రాలిన ప్రాణాల నేరం మనిషిని ముందు కూలిగా, ఆ తర్వాత భారంగా చూసిన బ్రిటిష్ ప్రభుత్వానిది. విధిది కాదు. తుని, పాయకరావుపేట, అన్నవరం చుట్టుపక్కల పెద్దలున్న ఇళ్ళకు ఒక విన్నపం. మీ తాతకో ముత్తాతకో రంగం వెళ్ళి తిరిగిరాని అన్న గానీ తమ్ముడు గానీ ఉంటే ఆయన పేరు, ఊరు, వెళ్ళిన ఏడాది ఈ వారమే ఒక కాగితం మీద రాసి పెట్టండి.