సగటు లెక్క నుంచి పొలం చెక్క వరకు

ఒక వస్తువు వినియోగదారుని చేరేలోగా దాటివచ్చే గనులు, పొలాలు, కర్మాగారాలు, రవాణా మార్గాల వరుసను సరఫరా గొలుసు అంటారు. దాని పొడవునా పర్యావరణానికి కలిగే నష్టాన్ని లెక్కగట్టే ప్రయత్నం అంతర్జాల సాధనాల కంటే పాతది. 1969లో కోకాకోలా సంస్థ కోసం అమెరికాలోని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వివిధ రకాల పానీయాల సీసాలను, డబ్బాలను పోల్చి, ఒక్కొక్కదానికి ఎంత ముడిసరుకు, ఎంత ఇంధనం ఖర్చవుతాయో, ఎంత వ్యర్థం మిగులుతుందో అంచనా వేసింది. ముడిసరుకు వెలికితీత నుంచి వస్తువును పారవేసేదాకా దాని ప్రభావాన్ని కొలిచే ఈ పద్ధతి జీవితచక్ర మదింపు అనే పేరుతో స్థిరపడి, 1997లో ఐఎస్‌ఓ 14040 ప్రమాణానికి ఆధారమైంది.

పద్ధతి కుదిరినా, ఒక్కో వస్తువు వెనుక ఉన్న అసంఖ్యాక ప్రక్రియల వివరాలు సేకరించడం వ్యయప్రయాసలతో కూడిన పనిగానే మిగిలింది. ఆర్థికవేత్త వాసిలీ లియాంటీఫ్ రూపొందించిన ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక, అంటే ప్రతి పరిశ్రమా తక్కిన పరిశ్రమల నుంచి ఎంత విలువైన సరుకు కొంటుందో చూపే పట్టిక, ఇక్కడ అక్కరకు వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానికి కాలుష్య గణాంకాలు జోడించి అంతర్జాలంలో ఉంచడంతో, ఫలానా రంగంలో చేసే కొనుగోలు ఎంత ఉద్గారానికి దారితీస్తుందో ఎవరైనా చూడగలిగారు. అయితే ఆ ఫలితం రంగం మొత్తానికి సగటు కావడం వల్ల, అడవి నరికిన నేలలో పండిన గింజకూ, తరతరాల సాగుభూమిలో పండిన గింజకూ తేడా తెలిసేది కాదు.

ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో లియొనార్డో బొనానీ 2000ల చివర ప్రారంభించిన సోర్స్‌మ్యాప్, వస్తువులోని భాగాల పుట్టుచోట్లను ప్రపంచ పటం మీద గీతలుగా కలిపి చూపి, లెక్కకు చోటును జతచేసింది. 2016లో స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, గ్లోబల్ కానపీ ఆరంభించిన ట్రేస్ మరింత ముందుకు వెళ్లి, వాణిజ్య, కస్టమ్స్ పత్రాలను సరిపోల్చి, బ్రెజిల్ సోయా ఏ మునిసిపాలిటీలో పండి, ఏ ఎగుమతిదారు ద్వారా ఏ దేశం చేరిందో చెబుతూ, ఆ వ్యాపారాన్ని అక్కడి అడవుల నష్టంతో ముడిపెట్టింది.

పరిశోధకుల ఆసక్తిగా మొదలైన ఈ చోటు జాడ 2023లో ఐరోపా సమాఖ్య చట్టంతో షరతుగా మారింది. అమలు గడువు వాయిదా పడినా, కాఫీ, కోకో, సోయా, రబ్బరు, పామాయిల్, కలప, పశువులకు సంబంధించిన సరుకులు ఏ భూమి నుంచి వచ్చాయో దిగుమతిదారు అక్షాంశ రేఖాంశాలతో సహా తెలపాలని అది కోరుతుంది. అరకు గిరిజన రైతు కాఫీ ఐరోపాకు వెళ్లాలన్నా నియమం ఇదే. సంస్థలు భరించవలసిన ఈ లెక్కల భారం చిన్న రైతుపై పడకుండా చూడడం ఈ సాధనాల చరిత్రలో ఇంకా తీరని సమస్య.