స్టెప్నీకి 61 డిగ్రీలా?

రాత్రి రెండు దాటింది. ఉలవపాడు మామిడికాయల బడ్డీలు గోనెపట్టాలు కప్పుకుని వెనక్కి పోతున్నాయి. స్టీరింగు నీ చేతిలో ఉంది. పది టైర్ల లారీ, వెనక గొలుసులతో బిగించిన చీమకుర్తి నల్లరాయి దిమ్మలు రెండు. పగలైతే ఆ రాయిలో బంగారు రజను చల్లినట్టు చుక్కలు మెరుస్తాయి. ఇప్పుడది ఒట్టి బరువు. తెల్లారేలోగా కృష్ణపట్నం రేవులో దించాలి.

డాష్‌బోర్డు మీది చిన్న డబ్బా కీచుమంటుంది.

తెర మీద లారీ బొమ్మ, చక్రానికో అంకె. పదీ బాగానే ఉన్నాయి. ఎర్రగా మినుకుతున్నది పదకొండోది, అడుగున విడిగా ఉన్న గడి. స్టెప్నీ. 110 ఉండాల్సింది 92.

హమ్మయ్య, అంతేనా! ఛాసిస్ కింద ఊరికే వేలాడే చక్రంలో గాలి తగ్గితే ఏం మునిగింది? క్లీనరు కుర్రాడు సగం నిద్రలోనే చెయ్యి చాపి బటన్ నొక్కేస్తాడు.

"నెల్లూరులో కొట్టిద్దాంలే అన్నా."

సరే అనుకుంటావు.

కాసేపటికి మళ్లీ కీచు. 84. ఈసారి దాని కింద చిన్న అంకె కూడా కనబడుతుంది: 61 డిగ్రీలు. మిగతావి 43, 45, 41. కుడివైపు చివరి లోపలి టైరు మాత్రం మరీ చల్లగా, 33.

తిరగని చక్రం. బరువు మొయ్యని చక్రం. రాత్రి గాలికి వేలాడే చక్రం. దానికి అంత కాక ఎక్కడిది? సైలెన్సరు కూడా ఆ పక్క లేదే!

అప్పుడు గుర్తొస్తుంది. మొన్న క్వారీ దారిలో పంచరైంది సరిగ్గా ఆ కుడివైపు లోపలి టైరే. స్టెప్నీ ఎక్కించారు. పంచరు వేయించిన దాన్ని స్టెప్నీ చోట కట్టారు. ఏ చక్రం వాల్వు మీది మూత ఆ చక్రంతోనే పోయింది. ఆ మూతే సెన్సార్. లోపల గుండీ బ్యాటరీ, బుల్లి రేడియో. తన నంబరు, గాలి, వేడి చెప్తుంది. తానెక్కడుందో దానికేం తెలుసు? ఆ సంగతి డబ్బాకు నువ్వు చెప్పాలి. బటన్ నొక్కిపట్టి, గడి మినుకుతుండగా మూత బిగిస్తే కుయ్‌మంటుంది. అదీ కాకపోతే మూతలు రెండూ అటుదిటు మార్చినా సరిపోయేది. ఆకలి మీద ఉన్నారు, ఏదీ చెయ్యలేదు.

అంటే స్టెప్నీ పేరుతో అరుస్తున్నది రాయి కిందున్న టైరు.

76. 66 డిగ్రీలు.

ఎదర పెట్రోలు బంకు లైట్లు. కిలోమీటరు ఉండొచ్చు. అక్కడైతే వెలుతురు, మనుషులు. మరి మంట అంటుకుంటే? బంకులోనా?

ఇక్కడే. ఎడమకి. బ్రేకు గట్టిగా తొక్కకు. మెల్లగా. ఇంకా మెల్లగా.

ఆపు.

కాలిన రబ్బరు వాసన.

కుర్రాడు ఇనపరాడ్డుతో దూకుతాడు. "ఒరేయ్, అటు పోవద్దు!" పేలితే పక్కగోడ ఎదురుగా ఉన్నవాడి మీదికే వస్తుంది. మంటలార్పే సిలిండరు పట్టుకుని దూరంగా నిలబడతావు. జంట టైర్లలో ఒకటి మెత్తబడితే దాని బరువూ పక్కదే మోస్తుంది. రెండూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిలోనే నిప్పు పుడుతుంది. మూత వాల్వు చివర, బయట ఉంటుంది కాబట్టి అది 66 అంటే లోపల ఇంకా ఎక్కువే.

నిలబడతావు. బస్సులు లారీని ఊపేసి పోతున్నాయి. కుర్రాడు రాళ్లు, తుమ్మకొమ్మ తెచ్చి వెనక అడ్డం పెడతాడు. చెయ్యడానికి ఇంకేం లేదు. స్టెప్నీ అన్న మాట వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊరి వీధి పేరట. 1904లో అక్కడ విడి చక్రం తయారుచేసినవాళ్లు దానికి వీధి పేరే పెట్టారు. ఎక్కడి వీధి, ఎక్కడి ఉలవపాడు!

58. 50. 44.

ఇప్పుడు రాడ్డు తీసుకుంటావు. బయటి టైరు ఠంగుమంటుంది. సందులోంచి లోపలిదాన్ని కొడితే థప్. డబ్బా లేని రోజుల్లో టీకి ఆగిన ప్రతిచోటా ఈ చప్పుడు వినేవాడివి. డబ్బా కొన్నాక మానేశావు.

జాకీ కింద చెక్క. ముందు బయటి టైరు ఊడదీస్తేగాని లోపలిది రాదు. గంటన్నర పడుతుంది. పంచరు వేయించిన చక్రం మళ్లీ రాయి కిందికి, మెత్తబడిన చక్రం స్టెప్నీ చోటికి.

"నంబర్లు మార్చాలా అన్నా?" అంటాడు కుర్రాడు నుదురు తుడుచుకుంటూ.

వేళ్ల మీద లెక్క చూసుకుంటావు. ఇటుది అటు, అటుది ఇటు. నవ్వొస్తుంది.

"వద్దురా. ఎక్కడివక్కడికే వచ్చినయ్."

తాళం తిప్పుతావు. కుడివైపు లోపలి టైరు 110. డబ్బా కీచుమంటుంది: స్టెప్నీ. కుర్రాడి చెయ్యి బటన్ మీదికి పోబోయి ఆగుతుంది. నీ మొహంలోకి చూస్తాడు.

రాడ్డు తీసుకుని కిందికి దిగుతావు.