చెమట కోసం పెట్టిన సాకెట్

స్టేజి మీద గాయకులు చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్‌కి వైరు ఊడొచ్చేలా సాకెట్ ఎందుకు పెట్టారని ఇప్పటి కుర్రాళ్లని అడగండి. మంచి కేబుల్ మార్చుకోవడానికి అంటారు. అసలు సంగతి చెమట. స్టేజి మీద రెండు గంటలు పాడే మనిషి చెవి వెనక కారే చెమట నెమ్మదిగా వైరులోకి దిగుతుంది. రాగి పచ్చబడుతుంది, చెవి మీదుగా వంగే చోట తొడుగు బిరుసెక్కుతుంది, ఒకరోజు పాట మధ్యలో కుడిచెవి మూగబోతుంది. నేను సౌండ్ చూసే ప్రోగ్రాముల్లో ముందు పోయేది దాదాపు ఎప్పుడూ వైరే. చెవి అచ్చు తీయించి, వేలకు వేలు పోసి చేయించుకున్న మానిటర్‌ని వైరు తెగిందని పారేయలేం కదా! అందుకే ఊడదీసి మార్చుకునే ఏర్పాటు వచ్చింది. ఇవాళ ఒక్కో కేబుల్‌ని లక్ష రూపాయలు దాటించి అమ్ముతున్న వ్యాపారం ఆ రిపేరు దారిలోంచే లోపలికొచ్చింది.

అలాగని రాగికీ రాగికీ తేడా ఉంటుందన్న మాట ఈ వ్యాపారులు పుట్టించింది కాదు. దాని వయసు నూట అరవై ఏళ్లు దాటింది. అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేయడానికి సన్నాహాలు సాగుతున్న రోజుల్లో, గ్లాస్గో ప్రొఫెసర్ విలియం థామ్సన్ రకరకాల రాగి తీగల్ని కొలిచి చూశాడు. లార్డ్ కెల్విన్ అని మనం చదువుకున్నది ఈయన్నే. చూపుకి ఒకేలా ఉన్న తీగల వాహకతలో పెద్ద పెద్ద తేడాలున్నాయని 1857లో ప్రకటించాడు. రాగిలో కలిసిన మలినాలు దానికి ముఖ్య కారణం. ఆ మరుసటేడు వేసిన తీగ మీద విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలి ఒడ్డుకి చేరడానికి 16 గంటలు పట్టింది. మూడు వారాలు గడిచేసరికి ఆ తీగ చచ్చిపోయింది. ఆ తర్వాత కేబుల్ కంపెనీలు రాగిని కొలిచి మరీ తీసుకోవడం మొదలుపెట్టాయి. 1913లో రాగి వాహకతకి అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. ఆ ప్రమాణాన్ని 100 అనుకుంటే వెండికి 106 వరకూ వస్తుంది, బంగారానికి 70 దగ్గర. ఈ అంకెలు గుర్తుంచుకోండి, ముందు పనికొస్తాయి.

వేల కిలోమీటర్ల తీగకి తగిన ఆ పట్టింపు, ఇంట్లో స్పీకర్ తీగ దాకా వచ్చేసరికి 1970లు వచ్చాయి. అప్పటిదాకా అమెరికాలో స్పీకర్లకి టేబుల్ ల్యాంపుకి వాడే వైరే కలిపేవాళ్లు. నోయెల్ లీ అనే లేజర్ ఇంజనీరు, డ్రమ్ములు కూడా వాయించే మనిషి, లావు తీగలతో స్పీకర్ల మాట మారుతుందని 1979లో మాన్‌స్టర్ కేబుల్ మొదలుపెట్టాడు. ఆ దశాబ్దంలోనే పోక్ ఆడియో అమ్మిన కోబ్రా కేబుల్‌ది ఇంకో కథ. సన్నటి తీగల్ని విడివిడిగా తొడుగు వేసి అల్లడంతో దాని కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే గుణం, బాగా పెరిగింది, దాన్ని కలిపిన కొన్ని ఆంప్లిఫయర్లు అదుపు తప్పి దెబ్బతిన్నాయి. అంటే కేబుల్ ఏ తేడా చేయదని కొట్టిపారేసే వాళ్ల మాట కూడా పూర్తి నిజం కాదు.

1983లో స్టీరియో రివ్యూ పత్రికలో లారెన్స్ గ్రీన్‌హిల్ పెట్టిన పరీక్ష ఈ సంగతి చక్కగా తేల్చింది. ఏది ఏ తీగో చెప్పకుండా వినిపించారు. బాగా సన్నదైన 24 గేజి తీగని (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) పింక్ నాయిస్ అనే హోరు వేసినప్పుడు పట్టుకోగలిగారు. సంగీతం వేసినప్పుడు మాత్రం 16 గేజి ల్యాంపు వైరుకీ మాన్‌స్టర్‌కీ తేడా చెప్పలేకపోయారు. లావు సరిపోయాక పేరుతో పని లేదన్నమాట.

ఆ 1980ల్లోనే జపాన్‌లో చిబా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్ అత్సుమి ఓనో ఒక పోతపని పద్ధతి కనిపెట్టాడు. మామూలుగా కరిగిన లోహం చల్లటి అచ్చు గోడల నుంచి లోపలికి గట్టిపడుతూ లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలుగా ఏర్పడుతుంది. ఓనో అచ్చునే లోహం కరిగే వేడికి పైన ఉంచి, బయటికొచ్చాక గట్టిపడేలా చేశాడు. అప్పుడు పొడుగాటి స్ఫటికాల తీగ వస్తుంది. ఇవాళ కేబుల్ పెట్టెల మీద కనిపించే ఓసీసీ అనే మూడక్షరాలు ఆ పద్ధతివే. పెట్టె మీద ఇంకో మాట లిట్జ్. విడివిడిగా ఎనామిల్ పూసిన సన్నటి పోగులు కలిపి పేనిన తీగ అది. కరెంటు తీగ పైపొరలోనే పరిగెత్తే రేడియో ఫ్రీక్వెన్సీల కోసం పుట్టింది. మన చెవి అందుకునే చివరి మెట్టు 20 కిలోహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర లోతు 0.46 మిల్లీమీటర్లు. ఇన్-ఇయర్ కేబుల్‌లో ఒక్కో తీగ మొత్తం మందమే 0.3 మిల్లీమీటర్ల చిల్లర. పైపొర, లోపొర అనే ప్రశ్నే రాదు.

ఇన్-ఇయర్ కథ 1995లో మలుపు తిరిగింది. వాన్ హేలెన్ బ్యాండుకి స్టేజి మానిటర్ మిక్సింగ్ చేసే జెర్రీ హార్వీ, డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవి మానిటర్ తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా పుట్టింది. తర్వాత రెండు పిన్నుల సాకెట్ స్టేజి వాళ్లకి అలవాటైంది. ష్యూర్ కంపెనీ ఎంఎంసీఎక్స్ అనే గుండ్రటి కనెక్టర్ ఎంచుకుంది. అది రేడియో ఫ్రీక్వెన్సీ పరికరాల కోసం పుట్టిన కనెక్టర్. అయిదొందల సార్లు పెట్టి తీసేదాకా నిలబడుతుందన్నది సాధారణంగా దానికి చెప్పే లెక్క. రిపేరుకి అంత చాలు. రోజుకో కేబుల్ మార్చి వినేవాళ్లు వస్తారని ఎవరనుకున్నారు?

వచ్చారు. సింగపూర్‌లో ఎఫెక్ట్ ఆడియో, హాంకాంగ్‌లో పీడబ్ల్యూ ఆడియో లాంటి వాళ్లు రాగి, వెండి, బంగారం కలిపిన తీగలు అల్లారు. 2014లో అస్టెల్ అండ్ కెర్న్ ఏకే240 ప్లేయర్ 2.5 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్‌తో, అంటే ఎడమ, కుడి చెవులకి పూర్తిగా వేర్వేరు దారులుండే సాకెట్‌తో వచ్చింది. 2016లో జపాన్ వాళ్లు 4.4 మిల్లీమీటర్ల ప్లగ్గుకి ప్రమాణం తెచ్చారు, సోనీ అదే ఏడు దాన్ని వాక్‌మన్‌లో పెట్టింది. పాత వైరుకి పాత ప్లగ్గు, కొత్త వైరుకి కొత్త ప్లగ్గు. పోలిక చెడిపోయింది ఇక్కడే. చాలా ప్లేయర్లలో బ్యాలెన్స్‌డ్ సాకెట్ ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. రెట్టింపైతే 6 డెసిబెల్స్ పెరిగినట్టు. కాస్త గట్టిగా వినిపించేదాన్ని చెవి ఎప్పుడూ మెరుగైందనే అంటుంది.

ఈ మధ్య ఒక కీబోర్డు కుర్రాడు అలాంటి వెండి కేబుల్ పట్టుకొచ్చాడు. "అన్నా, సిల్వర్ వేస్తే ట్రెబుల్ ఓపెన్ అయితదంట గదా?"

"అయితదో లేదో కొలుద్దాం పట్టు తమ్మీ."

కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న 4.4 ప్లగ్గు ఒకటి వాడి పాత రాగి వైరుకి సోల్డర్ చేశాను, రెండూ ఒకే సాకెట్‌లోకి వెళ్లేలా. తర్వాత మల్టీమీటర్. ముందు దాని రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించి చూడాలి. 0.2 ఓమ్ చూపిస్తే అది మీటర్ వైర్లది, తీసేయాలి. కేబుల్ చెవి వైపు రెండు పిన్నుల్నీ చిన్న తీగ ముక్కతో కలిపి, ప్లగ్గు వైపు నుంచి కొలిస్తే పోయే దారి, వచ్చే దారి రెండూ కలిసి లెక్కకొస్తాయి. పాతది 0.5 ఓమ్, వెండిది 0.3.

తేడా ఉంది కదా అన్నాడు. ఉంది. అది చాలావరకు లోహానిది కాదు, లావుది. 28 గేజి రాగి 1.2 మీటర్ల కేబుల్‌కి రానూపోనూ 0.51 ఓమ్ వస్తుంది. అదే గేజిలో వెండి పెడితే 0.48. రాగినే రెండు గేజిలు లావు చేస్తే 0.32. అందుకే ఆ 100, 106 అంకెల్ని గుర్తుంచుకోమన్నాను.

రెండు కేబుళ్ల మధ్య ఆ 0.2 ఓమ్ తేడా చెవికి తెలుస్తుందా? పాత రేడియో హెడ్‌ఫోన్లు 2000 ఓమ్‌లవి, వైరు ఎలాంటిదైనా ఒకటే. ష్యూర్ ఎస్‌ఈ846 లాంటి ఇన్-ఇయర్ 9 ఓమ్‌లే. పైగా శబ్దం పుట్టించే డ్రైవర్లు ఎక్కువున్న మానిటర్లలో ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, ఒక్కో స్వరస్థాయిలో ఒక్కోలా ఉంటుంది. ఒకచోట 8 ఓమ్‌లు, ఇంకోచోట 24 అనుకుందాం. 1 ఓమ్ ఉన్న నాసి వైరు వాడితే ఆ రెండు చోట్ల మధ్య 0.7 డెసిబెల్ వంకర వస్తుంది. శ్రద్ధగా వినేవాడు దాన్ని పట్టుకోవచ్చు. 0.2 ఓమ్ వైరైతే ఆ వంకర 0.14కి దిగిపోతుంది. బాగా సన్నటి వైరు నుంచి సరైన వైరుకి మారినప్పుడు దొరికేది నిజమైన తేడా. సరైన వైరు నుంచి ఖరీదైన వైరుకి మారినప్పుడు దొరికేది చాలావరకు నగ పెట్టుకున్న సంతోషం.

కుర్రాణ్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, వైర్లు మార్చి మార్చి వినిపించాను. సగం ఒప్పు, సగం తప్పు చెప్పాడు. వైరు మార్చడానికి పట్టే అర నిమిషంలో చెవి జ్ఞాపకం చెదిరిపోతుంది కాబట్టి దాన్ని గొప్ప పరీక్ష అనను. అయినా వాడు వెండి వైరే ఉంచుకున్నాడు. మెత్తగా ఉంది, చొక్కాకి రాసుకుంటే చెవిలో గరగర వినపడదు, చెవి మీద బాగా కూర్చుంటుంది. స్టేజి మీద వాయించేవాడికి ఇవి చాలా పెద్ద సుఖాలు, డబ్బు పెట్టదగ్గవి. అసలు ఆ సాకెట్ పెట్టింది కూడా ఇలాంటి వాడుక కోసమే.

కాబట్టి కేబుల్ కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పెట్టె మీద స్ఫటికాల సంగతి, పోగుల సంగతి, అల్లిక సంగతి రాస్తారు, ఓమ్‌లు రాసేవాళ్లు తక్కువ. థామ్సన్ కాలం నుంచీ తీగ కొనేవాడు ముందు అడిగిన అంకె అది. అది చెప్పని కేబుల్‌ని చూడముచ్చటగా ఉంటే కొనండి, సౌండ్ కోసం అయితే కొనకండి.