స్క్రీన్ రీడర్ నిలిచిపోతే.. దారేది?

కంప్యూటర్ తెరపై ఉన్న అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. అంధులు మౌస్‌కు బదులు కీబోర్డు మీటలతోనే దీనిని నడుపుతారు. అది నిలిచిపోతే ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన అలవాటును మార్చుకోవాల్సిందే.

అమెరికాలో తయారైన 'విండో-ఐస్' వినియోగదారులకు 2017లో ఈ పరిస్థితి ఎదురైంది. జీడబ్ల్యూ మైక్రో సంస్థ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ చేతులు మారి, పోటీ సాఫ్ట్‌వేర్ 'జాస్' యజమాని అయిన వీఎఫ్‌ఓ సంస్థకు చేరింది. ఆ ఏడాది మే నెలలో వీఎఫ్‌ఓ దాని విక్రయాలను నిలిపివేసింది. అమెరికాలో తాజా వెర్షన్ కొన్నవారికి జాస్‌ను ఉచితంగా ఇచ్చింది. ఎంఎస్ ఆఫీస్ వినియోగదారులుగా 2014 నుంచి ఉచితంగా పొందినవారికి ఈ వెసులుబాటు దక్కలేదు.

పాత ప్రతి వెంటనే మూగబోలేదు. అయితే విండోస్, బ్రౌజర్లు మారేకొద్దీ వెనుకబడింది. శీర్షికల మధ్య కదిలేందుకు 'హెచ్' మీట వంటివి జాస్‌లోనూ ఉన్నా, అనేక ఆదేశాలను కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. విండో-ఐస్ కోసం రాసుకున్న చిన్న ప్రోగ్రాములు నిరుపయోగమయ్యాయి.

ఉచిత ప్రత్యామ్నాయం 'ఎన్‌వీడీఏ'. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైఖేల్ కరన్ 2006లో దీనికి శ్రీకారం చుట్టారు. ఇందులోని ఈస్పీక్ స్వరం తెలుగునూ చదువుతుంది. సోర్స్ కోడ్ బహిరంగం కావడంతో ఒక సంస్థ తప్పుకొన్నా ఇతరులు కొనసాగించవచ్చు. ఒకదానిపైనే ఆధారపడక, రెండో స్క్రీన్ రీడర్‌నూ నేర్చుకోవడం శ్రేయస్కరం.