ఆపరేషన్ తర్వాతి ఇల్లు

శస్త్రచికిత్స చరిత్రలు చదువుతుంటే ఒక సంగతి గమనిస్తాం. కుట్లు వేయడం పూర్తికాగానే రోగి కథలోంచి మాయమైపోతాడు. సర్జన్ పేరు ఉంటుంది, పద్ధతి పేరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. ఆ మనిషి ఇంటికెళ్ళాక అన్నం ఎవరు పెట్టారు, స్నానం ఎవరు చేయించారు, చెయ్యి మళ్ళీ పైకి లేవడానికి ఎన్నాళ్ళు పట్టింది, ఇవేవీ ఉండవు. మూడేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని విడవలూరులో మా పుట్టింట్లో రెండు నెలలున్నాను. ఆ రాయని పేజీల మీద ధ్యాస అప్పుడే మొదలైంది.

నిజానికి ఒకప్పుడు ఆపరేషన్ కూడా ఇంట్లోనే జరిగేది. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో, ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫానీ బర్నీ కుడి రొమ్మును వైద్యులు ఆమె ఇంట్లోనే తొలగించారు. ఈథర్ మత్తు లోకానికి తెలిసింది 1846లో. అంటే ఆమెకు మత్తన్నది లేదు. భర్త చూసి తట్టుకోలేడని ఆ పూట ఆయన ఇంట్లో లేకుండా తనే ఏర్పాటు చేసుకుంది. ఆ తర్వాత అక్క ఎస్తర్‌కి జరిగిందంతా ఉత్తరం రాయడానికి నెలలు పట్టింది. రాసింది తిరిగి చదువుకునే ధైర్యం కూడా లేకపోయింది. ఆమె 1840 దాకా బతికింది. రోగి వైపు నుంచి ఈ ఆపరేషన్ గురించి మనకున్న గొప్ప సాక్ష్యం ఆ ఉత్తరమే. అది ఏ వైద్య సంఘానికో రాసింది కాదు, తోబుట్టువుకి రాసుకున్నది!

మత్తుమందు, క్రిమి నివారణ వచ్చాక కత్తి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. 1890లలో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసే పద్ధతిని స్థిరపరిచాడు. దాదాపు ముప్పావు శతాబ్దం అదే రాజ్యం చేసింది. ఎంత ఎక్కువ కోస్తే అంత మేలని నమ్మకం. బతికిన ఆడవాళ్ళకి చెయ్యి వాచేది, భుజం బిగుసుకుపోయేది. బెర్నార్డ్ ఫిషర్ బృందం 1971లో మొదలుపెట్టిన పరీక్షలు, 1985లో వెలువడిన ఫలితాలు అంత కోత అక్కర్లేదని తేల్చాయి.

ఈ మధ్యలోనే ఇంకో కథ నడిచింది. 1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడకి ఈ ఆపరేషన్ అయింది. చెయ్యి ఎలా కదిలించాలో, ఏ బట్టలు వేసుకోవాలో, ఇంట్లోవాళ్ళతో ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు. తనే నేర్చుకుని, ఒక రబ్బరు బంతి, తాడు పట్టుకుని ఆపరేషన్ అయినవాళ్ళ మంచాల దగ్గరికి తిరగడం మొదలుపెట్టింది. డాక్టర్లకి అది నచ్చలేదు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తనలో కలుపుకుంది. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ లాంటివాళ్ళ వల్ల ఆపరేషన్ అయిన మనిషిని త్వరగా లేపి, త్వరగా ఇంటికి పంపడం శాస్త్రీయ పద్ధతైంది. మంచిదే. కాకపోతే ఆస్పత్రిలో తగ్గిన ప్రతి రోజూ ఇంట్లో ఎవరో ఒకరి పనిగా మారింది.

మా వైపు సంగతికొస్తే, 1953 అక్టోబరు 1న నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఆంధ్రలో చేరింది. సరిగ్గా ఆ మరుసటి ఏడే, 1954 జూన్‌లో, మద్రాసు అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 12 పడకలతో మొదలైంది. దాని వెనకున్న ముత్తులక్ష్మి రెడ్డి డాక్టరు, 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ. సొంత చెల్లెలు క్యాన్సర్‌తో పోవడం చూసిన మనిషి. ఆ ఆస్పత్రి పునాదిలోనూ తోబుట్టువే ఉందన్నమాట. 1955లో అక్కడ చేరిన డాక్టర్ శాంత 2021లో కన్నుమూసేదాకా ఆ ఆవరణే ఇల్లుగా బతికారు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ ఆస్పత్రి కూడా 1955 నాటిదే. కానీ నెల్లూరికి మద్రాసే దగ్గర. రాష్ట్రం మారింది గాని, రోగులెక్కే రైలు మారలేదు.

ఆ రైల్లో తిరిగొచ్చాక ఏం చేసేవాళ్ళు? మా ఇంట్లో నాకు అర్థమైంది ఇది. పల్లె ఇంటికి తెలిసిన కోలుకోవడం ఒక్కటే, బాలింత కోలుకోవడం. బాలింతకి ఒక గది, ఒక పథ్యం, ఎవరు ఎన్నాళ్ళుండాలో ఒక లెక్క ఉన్నాయి. మా తీరంలో సొరచేప వండి పెడతారు. రాచపుండుకి అలాంటి ఏర్పాటేదీ లేదు. ఆ పేరే గట్టిగా పలికేవాళ్ళు కాదు. అందుకని మా వదిన నన్ను బాలింతలాగే చూసింది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, పుండు చీము పడుతుందంది. డాక్టరేమో గుడ్లు, చేపలు బాగా తినమన్నాడు. రెండు రోజులు వాదించుకున్నాక చేపల పులుసు గెలిచింది, వంకాయ మాత్రం బయటే ఉండిపోయింది.

గోడ మీద వేళ్ళతో పైకి పాకే వ్యాయామం రోజూ చేయించేది. "లెయ్ అమ్మీ, నిన్న ఈడిదాకా వచ్చినావు, ఈ పొద్దు యాడికొస్తావో చూద్దాం" అని పెన్సిల్‌తో గీత పెట్టేది. నొప్పికి ఏడిస్తే పక్కనే కూర్చునేది, ఏడుపు ఆగాక మళ్ళీ లేపేది. ఆ రెండు నెలలూ ఆమె తన మిషను మీద ఒక్క జాకెట్టు కుట్టలేదు. కుట్టుకూలి పోయిందని ఒక్కసారీ అనలేదు, నేనూ అడగలేకపోయాను.

ఇది ప్రేమ. కాదనను. కానీ చరిత్రలో ప్రేమ అని రాసిన చోట కూలి కనపడకుండా పోతుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడి ఆపరేషన్ ఖర్చుని ప్రభుత్వం లెక్కలోకి తెచ్చింది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా ఇంకో అడుగు వేసి, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇస్తానంది. ఇంటి దగ్గర కోలుకోవడం కూడా వైద్యంలో భాగమేనని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. రోగి పోగొట్టుకున్న కూలి అలా లెక్కకొచ్చింది. పక్కన కూర్చున్న మనిషి కూలి ఇంకా రాలేదు. ఆ మనిషి చాలాసార్లు ఆడమనిషే. రోగి కూడా ఆడదైతే, చూసేవాళ్ళు దొరకడమే ఒక అదృష్టమన్నట్టు మాట్లాడతారు.

నా ఆపరేషన్‌కి రెండు దస్తావేజులున్నాయి. ఒకటి ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం. రెండోది మా వదిన పాల లెక్కల పుస్తకం. దాని వెనక పేజీల్లో, కుట్ల పక్కన పెట్టిన గొట్టంలోంచి పొద్దున ఎంత నీరొచ్చింది, సాయంత్రం ఎంతొచ్చింది మిల్లీలీటర్లలో రాసింది. 110, 90, 85, 60. చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు మొదట అడిగింది ఆ అంకెలే. పుస్తకం తిరగేసి చూసి, చివర వరసగా రెండు రోజులు ముప్ఫై లోపే ఉండటంతో, ఆ పూటే గొట్టం తీసేశాడు.